నలభై రెండో నంబరు తీగె

బోర్డు మీద పేరు లింగస్వామిది.
చుట్టేది నేను.
మూడు హెచ్‌పీ, ఐదు హెచ్‌పీ, ఏడున్నర,
కాలిన బోరు మోటర్లన్నీ
నకిరేకల్ల ఈ రేకుల షెడ్డు కిందికొచ్చి
నా ముందు పొట్ట ఇప్పుకుంటయి.

కట్టంగూరు ఏసోబు మాత్రం
బియ్యం సంచిల చుట్టి గిటార్ తెచ్చిండు.
కరెంటు గిటారట.
సూర్యాపేటల ఆర్కెస్ట్రా ఒకటి మూతపడి
మైకు స్టాండ్లతోని కలిపి అమ్ముతుంటే
మూడు వేల రెండు వందలకు బేరమాడిండట.
"మోగుతలేదక్కా.
ఇండ్ల గూడ రాగితీగె చుట్టే ఉంటదంట."

నవ్విన.
అయినా స్క్రూలు ఇప్పిన.

నల్ల మూత కింద ఆరు అయస్కాంతపు గుండీలు.
వాటి చుట్టూ రాగి,
తలెంట్రుక కంటె సన్నం.
ఏడనో ఒక్కకాడ తెగింది.
గదే. గంతే.
మడికి నీళ్లు ఆగేది గూడ గిట్లనే.

ముందుగాల కడుగుడు.
మెడ మీద పట్టీల నడుమ మురికి
పాత బ్రష్షుతో గీకితే
నల్లగ, జిగటగ, మనిషి వాసనతోని ఊడొచ్చింది.
ఎన్ని పెండ్లిళ్ల చెమటనో.
మూడో పట్టీ పక్కన చెక్క గుంట పడ్డది,
ఒకటే ఏలు ఏండ్లకేండ్లు
అదే జాగల వచ్చి ఆగినట్టు.
ఆ గుంట నింపబుద్ధి కాలే.
ఇంత కొబ్బరి నూనె రాసి ఊకున్న.

తుప్పుకు నిమ్మచెక్క, ఉప్పు.
మార్కెట్ల కాయ అడిగేటోడు లేడు ఈ ఏడు,
రైతులు బస్తాలు ఆడనే ఇడిచి పోతున్నరు.
గిటార్ స్క్రూలు మాత్రం తళతళ మెరిసినయి.

తెల్ల ప్లాస్టిక్ మీద పసుపు చారలు
పేస్టు పెట్టి రుద్దితే పోయినయి.
నా పండ్ల మీది చారలు పోవు.
అవి మర్రిగూడ బోరింగు నీళ్లవి,
అమ్మగారింటి నుంచి ఖాయంగ నాతో వచ్చినవి
అవొక్కటే.

తీగె హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిండు ఏసోబు.
నలభై రెండో నంబరు.
గట్టిగ ఊపిరి ఇడిస్తే తెగేటట్టున్నది.
కుట్టుమిషన్ చక్రానికి బిగిచ్చి
రెండేళ్ల సందుల నుంచి సాగనిచ్చుకుంట
లెక్క మొదలువెట్టిన.
ఎనిమిది వేల చుట్లు.

నాలుగు వేల వంద కాడ
ట్రాక్టర్ల మోటరేసుకొని ఇద్దయ్య దిగిండు.
వరి పొట్టకొచ్చింది, రేపటికి గావాలె అన్నడు.
తల ఎత్తలే.
నూట ఒకటి, నూట రెండు.
"ఏందమ్మా అది, పిల్లల ఆటసామానా?"
నూట మూడు.
మాట్లాడితే లెక్క పోతదని సమజైనట్టుంది,
బీడీ ఆర్పి గడప కాడ నిలవడ్డడు.

ఐదు వేల కాడ ఆపి
బొగ్గుతోని గోడకు రాసి
మోటరు దించుకున్న.
వరి ఆగదు, పాట ఆగుతది.
రాత్రంత ఇద్దయ్యది,
తెల్లారినంక మిగిలిన మూడు వేలు.

డ్యూటీ దిగి, కండక్టర్ సంచి భుజానుండంగనే
ఉరికొచ్చిండు ఏసోబు.
పక్క దుకాణం మైకుసెట్టుకు వైరు కలిపిండు.
ముందు గుమ్మన్నది.
అది నాకు తెలిసిన సప్పుడే,
మోటరు ఎత్తుకునే ముందటిది.
బేరింగు వినేటందుకు తల దానంతట అదే వంగింది.
అప్పుడు ఒక్క తీగె మీటిండు.

ఇరవై రెండేండ్లు నేను చుట్టిన రాగి అంత
ఆరు నూర్ల ఫీట్ల లోతుల తిరుగుతది.
నీళ్లొస్తే గంగమ్మకు మొక్కుతరు,
రాకుంటే నన్ను తిడుతరు.
ఇయ్యాల నెత్తి మీది రేకులు అదిరినయి.
లింగస్వామి లోపలి నుంచి
చాయ్ గిలాసతోని బయటికొచ్చి
ఏందీ అన్నడు.

"మజూరి ఎంతక్కా" అన్నడు ఏసోబు.
హెచ్‌పీల లెక్కయితే నోట్లనే ఉంటది.
దీనికేం జెప్పాలె?

ఆ గుంట పడ్డ కాడ ఏలు వెట్టి
ఇంకోపారి మీటు,
అన్న.